ఏడో నంబరు బిళ్ళ

2008 ఆగస్టులో ఒక మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి బెంజమిన్ తాడేపల్లిగూడెం చివర ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ ముందు బస్సు దిగేసరికి కేసు ముగిసిపోయిందని ఊళ్ళో అందరూ ఒప్పేసుకున్నారు. పేపర్లలో కూడా అలాగే వచ్చింది. ఒప్పుకోని మనిషి ఒక్కడే. అతను కాలేజీ గేటు దగ్గర గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

అతని పేరు ముసలయ్య. కొల్లేటి లంకలో చేపలు పట్టి కూతురు కనకమహాలక్ష్మిని ఫిజిక్స్ పరిశోధన దాకా చదివించిన మనిషి. ఆ కూతురు ఇప్పుడు ఏలూరు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది.

"బాబూ, వల మీద చెయ్యేసిందంటే చిక్కు ఎక్కడ పడిందో చూడకుండా చెప్పేదండి మా అమ్మాయి. అలాంటి పిల్ల చూసుకోకుండా ప్రమాదం మీదికి తెచ్చుకుందంటే నేను నమ్మనండి," అన్నాడు ముసలయ్య.

"నేనూ ఇంకా ఏదీ నమ్మలేదు బాబాయ్. ప్రిన్సిపాల్ గారు లోపల చూడ్డానికి ఒప్పుకున్నారు. మీరిక్కడే ఉండండి," అని బెంజమిన్ లోపలికి నడిచాడు.

సోమవారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకి జరిగింది ఇదీ. ఢిల్లీ నుంచి వచ్చిన ముగ్గురు సభ్యుల కమిటీ ముందు కనకమహాలక్ష్మి తను తయారుచేసిన పింగాణీ బిళ్ళ ఒకటి వేడి నూనెలో ముంచి, దానికి హై వోల్టేజ్ పెట్టింది. బిళ్ళ పేలింది. నూట ఇరవై డిగ్రీల నూనె ఎగిరి ఆమె ముఖం మీద పడింది. వెనక్కి తూలి ఇనప బల్ల అంచుకి తల కొట్టుకుంది. నూనె గిన్నె మీద ఉండాల్సిన ప్లాస్టిక్ మూతకి గడియ విరిగిపోయి ఉందని, అది చూసుకోవాల్సిన ల్యాబ్ అటెండర్ సత్తిబాబుని సాయంత్రం నాలుగింటికల్లా అరెస్ట్ చేశారు. అరెస్ట్ చేసింది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అబ్బాయిరాజు.

ఆ పేరు పేపర్లో చదివినప్పుడే బెంజమిన్‌కి కాఫీ చేదెక్కింది. పద్నాలుగేళ్ళ కిందట ఇద్దరూ ఏలూరులో ఒకే గదిలో చదివి ఎస్సై పరీక్షకి వెళ్ళారు. రాతపరీక్షలో బెంజమిన్‌కి పదకొండు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఛాతీ కొలతలో అర అంగుళం తక్కువైంది. అర అంగుళం ఉన్నవాడు జీపెక్కాడు. లేనివాడు ఇన్నేళ్ళుగా ప్రైవేట్ డిటెక్టివ్‌గా బస్సుల్లో తిరుగుతూ జనం తగాదాలు తవ్వుతున్నాడు. ఆ భుజం మీది నక్షత్రాలు కనబడితే ఇప్పటికీ బెంజమిన్‌కి ఎక్కడో పక్కటెముకల కింద కలుక్కుమంటుంది. అది పోలేదని అతనికి తెలుసు. పోయినట్టు నటించడం మాత్రం మానేశాడు.

*

గ్రేస్ లైబ్రరీలో ఒంటరిగా కూర్చుని ఉంది. ముప్పై రెండేళ్ళుంటాయి. ఏలూరు మిషన్ స్కూలు టీచరమ్మ కూతురు. అదే ల్యాబ్‌లో, అదే ప్రొఫెసర్ సత్యానందం దగ్గర ఐదేళ్ళుగా పరిశోధన చేస్తోంది.

"ముందు నాకు అర్థమయ్యేలా చెప్పండి. ఈ బిళ్ళలు దేనికండి?" అడిగాడు బెంజమిన్.

"నొక్కితే కరెంటు పుట్టే పింగాణీ అండి. కరెంటు పెడితే అదురుతుంది. చేపలు ఎక్కడున్నాయో నీళ్ళలోకి శబ్దం పంపి కనిపెట్టే పరికరాల్లో ఉండేది ఇలాంటి బిళ్ళే. ఇన్నాళ్ళూ వాటిని సీసంతో చేసేవారు. బాగా పనిచేస్తాయి. కానీ పాడైపోయిన పరికరం చెరువులో పడిందంటే ఆ సీసం నీళ్ళలోకి, చేపల్లోకి వెళ్తుంది. అందుకని సీసం లేకుండా సోడియం, పొటాషియం, నయోబియంతో చేస్తున్నాం."

"అవి పనిచేయవా?"

"చేస్తాయి, తక్కువగా. పుట్టిన బిళ్ళలో కరెంటు గుణం తలో దిక్కుకీ ఉంటుందండి. వేడి నూనెలో పెట్టి పెద్ద వోల్టేజ్ ఇస్తే అన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి. పోలింగ్ అంటాం దాన్ని. కానీ మా బిళ్ళలు ఆ వోల్టేజ్ తట్టుకోవు. లోపల్నుంచి కరెంటు కారిపోతుంది. దాన్ని ఆపడానికి చిటికెడు వేరే పదార్థం కలుపుతాం. అదే డోపింగ్." గ్రేస్ చేతిలో పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. "నేను లాంథనం వేశాను. నొక్కితే వచ్చే కరెంటు పెరగాల్సింది పోయి తగ్గింది. మూడేళ్ళు అటూ ఇటూ మార్చి మార్చి చూశాను. కనకం వచ్చిన ఎనిమిదో నెలలో మాంగనీస్ వేసింది. వందకి అర వంతు. కారిపోయే కరెంటు వందోవంతుకి పడిపోయింది. బిళ్ళ నాలుగు కిలోవోల్టులు తట్టుకుంది. ఎనభై దగ్గర ఆగిపోయిన మా రీడింగ్, అంటే నొక్కితే వచ్చే కరెంటు కొలత, నూట ముప్పై దాటింది."

"మీకు అసూయ కలిగిందా?"

ఆమె తల దించలేదు. "కలిగిందండి. ఇప్పటికీ ఉంది. ఆ అమ్మాయి భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె నోట్‌బుక్ తీసి దొంగతనంగా చదివేదాన్ని. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. చదివి చదివి ఆ అంకెలన్నీ నాకు నోటికొచ్చేశాయి. ఏ బిళ్ళ ఎంత బరువు, ఎంత వేడి, ఎంతసేపు, అన్నీ చెప్పగలను. నిన్న పేలిన బిళ్ళ ఏడో నంబరు. సున్నా పాయింట్ మూడు ఐదు గ్రాములు. వెండి పూత వేశాక మూడు ఆరు."

"నిన్న ల్యాబ్‌లోకి ఎవరెవరు వెళ్ళారు?"

"ఎనిమిదిన్నరకి సత్తిబాబు తలుపు తీసి ఊడ్చి వెళ్ళాడు. తొమ్మిదీ పదికి ప్రొఫెసర్ గారు వెళ్ళారు. కమిటీ వచ్చేముందు అన్నీ సర్దారో లేదో చూస్తానన్నారు. పావుగంట ఉన్నారు. తొమ్మిదిన్నరకి నేనూ కనకం కలిసే వెళ్ళాం. ఆ తర్వాత నేను బయటికి రాలేదండి. నా ఎదురుగానే ఆ అమ్మాయి..." పెన్ను బల్ల మీద పెట్టింది. "ఓడిపోవాలని కోరుకున్నాను. కాలిపోవాలని కోరుకోలేదు."

బెంజమిన్ తన పుస్తకంలో టైములు రాసుకున్నాడు. చివరి మాట రాసుకోలేదు.

*

పది గంటల ఇరవై నిమిషాలకి అతను ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. కాపలాకి హెడ్ కానిస్టేబుల్ అబ్బులు ఒక్కడే ఉన్నాడు. ప్రిన్సిపాల్ ఇచ్చిన కాగితం చూసి పక్కకి తప్పుకున్నాడు.

"పోలింగ్ అంటే ఎలక్షన్ అనుకున్నానండి నేను," అన్నాడు అబ్బులు మొహమాటంగా.

"నేనూ ఇందాకటిదాకా అంతేనండి."

మూల బల్ల మీద హై వోల్టేజ్ పెట్టె, దాని పక్కన స్టీలు పళ్ళెంలో గాజు గిన్నె ఉన్నాయి. గిన్నెలో సగం నూనె మిగిలింది. రెండు ఇత్తడి కడ్డీలు అందులోకి వేలాడుతున్నాయి. ప్లాస్టిక్ మూత పక్కన పడి ఉంది. దాని గడియ నిజంగానే విరిగింది, కానీ విరిగినచోట దుమ్ము పట్టి ఉంది. విరిగి వారాలైంది. గోడకి తగిలించిన ఫిర్యాదుల పుస్తకంలో సత్తిబాబు వంకర అక్షరాలు కనిపించాయి: 'మూత గడియ ఊడింది, బాగు చేయించగలరు.' తేదీ ఇరవై రెండు రోజుల కిందటిది. కింద ప్రొఫెసర్ సంతకం.

"ఈ నూనె ఎవరైనా వడకట్టారాండి?"

"నూనెలో ఏముంటుందండి?" అన్నాడు అబ్బులు.

బెంజమిన్ జేబురుమాలు గాజు పాత్ర మీద పరిచి నూనె నెమ్మదిగా వంచాడు. గుడ్డ మీద అయిదు పెంకులు మిగిలాయి. బల్ల మీది అద్దం మూత డబ్బాలో కనబడుతున్న కనకం బిళ్ళల్లాగే గోధుమరంగు. పేర్చి చూస్తే అంచులో చిన్న ముక్క ఒకటి తగ్గింది. అతను వాటిని నూనె పోయేలా అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి, కిటికీ పక్కనున్న డిజిటల్ త్రాసు మీద పెట్టాడు.

"అంకె మీరే చదవండి అబ్బులు గారూ. తర్వాత నేను చెబితే నమ్మరు."

అబ్బులు వంగి చూశాడు. "సున్నా పాయింట్ అయిదు ఏడు అండి."

బెంజమిన్ బల్ల సొరుగులోంచి కనకం నోట్‌బుక్ తీశాడు. ఏడో నంబరు ఎదురుగా సున్నా పాయింట్ మూడు ఐదు అని ఉంది. గ్రేస్ చెప్పినట్టే వెండి పూత తర్వాత మూడు ఆరు.

"ముక్క తగ్గిన బిళ్ళ, మొత్తం బిళ్ళ కంటే ఎక్కువ తూగుతోంది," అన్నాడు నెమ్మదిగా.

అబ్బులు త్రాసు వంక, పెంకుల వంక మార్చి మార్చి చూశాడు. "అదెలాగండి?"

"ఇది ఆ అమ్మాయి బిళ్ళ కాదు. అదే సైజు, అదే రంగు. లోపల మాత్రం బరువైనదేదో ఉంది. సీసం లేని ఈ ల్యాబ్‌లోకి సీసం వచ్చింది."

కనకం బిళ్ళల డబ్బా బల్ల మీదే ఉంది. బెంజమిన్ మూత తీయబోతుండగా వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ డబ్బా లాగేసుకుంది.

"ఏవోయ్ బెంజమిన్. పోలీసు సీజ్ చేసిన వస్తువు ముట్టుకునే అధికారం నీకు ఎవరిచ్చారు?" అబ్బాయిరాజు నవ్వుతూనే అన్నాడు. కళ్ళు నవ్వడం లేదు.

"సీజ్ చేసిన వస్తువు బల్ల మీద ఎందుకుందండి రాజుగారూ?"

"ఇప్పుడు చేస్తున్నాను." డబ్బా జేబులో వేసుకున్నాడు. అబ్బులు త్రాసు సంగతి చెప్పబోయాడు. అబ్బాయిరాజు వినలేదు. "పెంకులు తూచి కేసు తేల్చేస్తావన్న మాట. ఉండి ఊళ్ళో చేపల చెరువులో విషం కలిసిన కేసు నేను మూడు వారాలు తిరిగి తవ్వాను. పేపర్లో ఫొటో నీది పడింది. నా భార్య ఆ పేపరు నాకే చూపించి, 'మీ ఫ్రెండేనా' అని అడిగింది. ఈసారి అలా జరగదు."

బెంజమిన్‌కి ఒక్క క్షణం ఆశ్చర్యం వేసింది. ఈ మనిషి కూడా తన వైపు ఇలాగే చూస్తున్నాడని ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు.

"ఫొటో మీరే వేయించుకోండి. ఆ డబ్బాలో మిగిలిన బిళ్ళలు తూచేదాకా ఎవర్నీ వాడనివ్వకండి. అదొక్కటే అడుగుతున్నాను."

"నువ్వు అడిగినవన్నీ చెయ్యడానికి నేను నీ అసిస్టెంట్‌ని కాదు. సరిగ్గా పదకొండూ ఇరవైకి, నిన్న జరిగింది జరిగినట్టు మళ్ళీ చేయిస్తున్నాను. ఆ గ్రేస్ చేత, డబ్బాలో తర్వాతి బిళ్ళతో, మూత లేకుండానే. సత్తిబాబు ఎక్కడ నిలబడ్డాడో ఫొటో తీయించాలి. నువ్వు బయటికి నడు."

*

ప్రొఫెసర్ సత్యానందం గది పై అంతస్తులో ఉంది. యాభై అయిదేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెదరలేదు. బెంజమిన్‌ని కూర్చోమన్నాడు. టీ తెప్పించనా అని అడిగాడు. అప్పుడు టైము పది గంటల యాభై ఎనిమిది.

"కనకమహాలక్ష్మి నా బిడ్డ లాంటిదండి. నాకు చెప్పలేనంత బాధగా ఉంది," అన్నాడు.

"ఆ అమ్మాయికి పేరు బాగా వచ్చింది కదండీ. కమిటీ కూడా ఆమె కోసమే వచ్చిందట. మీకేమీ అనిపించలేదా?"

"శిష్యురాలి మీద గురువుకి ఏమనిపిస్తుందండి? గర్వం అనిపిస్తుంది."

గ్రేస్‌ని అదే మాట అడిగితే కలిగిందండి అని ఒప్పుకుంది. బెంజమిన్ ఆ తేడా మనసులో పెట్టుకుని, ల్యాబ్ నుంచి తెచ్చిన కనకం నోట్‌బుక్ తెరిచాడు. "ప్రతి నెలా ఇందులో మీ సంతకం ఉండాలటండి. ఆఖరి సంతకం జనవరిలో ఉంది. ఇది ఆగస్టు."

"పని ఒత్తిడండి."

"పోలింగ్‌కి ఆ అమ్మాయి ఎన్ని కిలోవోల్టులు పెడుతుందో మీకు తెలుసాండి?"

"ఎందుకు తెలీదు? రెండున్నర. ఎవరైనా అంతే పెడతారు."

"నాలుగండి. ఫిబ్రవరి నుంచీ నాలుగే. మాంగనీస్ వేసిన బిళ్ళ తట్టుకుంటుంది కాబట్టి. ఈ పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఉంది."

ప్రొఫెసర్ ముఖంలో రక్తం ఇంకిపోయింది. అరెస్ట్ భయం వల్ల వచ్చే మార్పు కాదది. చేసిన లెక్క ఎక్కడ తప్పిందో తెలిసిన మనిషి మార్పు. బెంజమిన్ ఆ చూపు తప్పించుకోవడానికి తల తిప్పితే, గోడమీద చట్రంలో బిగించిన అద్దాల పెట్టె కనబడింది. లోపల నల్ల ముఖమల్ మీద వరసలుగా బిళ్ళలు. కింద ఇత్తడి రేకు: సీసపు పింగాణీపై ఇనుము డోపింగ్ ప్రభావం, 1986. ప్రొఫెసర్ డాక్టరేట్ తాలూకు బిళ్ళలు. గోధుమరంగులో ఉన్నాయి.

బెంజమిన్ లేచి దగ్గరికి వెళ్ళాడు. ముఖమల్ అంతా వెలిసి బూడిద రంగుకి తిరిగింది. ఆఖరి వరసలో మాత్రం గుండ్రంగా, కొత్త గుడ్డలా నిగనిగలాడే నల్లటి మచ్చ కనబడింది. ఇరవై రెండేళ్ళు బిళ్ళ కింద ఎండ తగలకుండా ఉన్న చోటు.

"చంపాలని కాదండి," అన్నాడు సత్యానందం వెనకనుంచి. గొంతు చాలా మామూలుగా ఉంది. "దెబ్బ కూడా తగలకూడదు. పోల్ చేస్తుంది, రీడింగ్ రెండు వందలు దాటుతుంది. సీసం లేకుండా అంత ఎలా వచ్చిందని కమిటీ అడుగుతుంది. తూచి చూద్దాం అని నేనే అనేవాణ్ణి. సీసం బిళ్ళ పెట్టి మోసం చేసిందని తేలేది. వెళ్ళిపోయేది. అంతే."

"అంతేనా?"

"ఇనుము వేసి నేను తెచ్చిన ఫలితాలు తొమ్మిది దేశాల వాళ్ళు వాడారండి. ఇప్పుడు సీసం విషం అంటున్నారు. నా పనంతా విషం అయిపోయింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా కుర్చీ ముందు నిలబడి, సార్, కొల్లేటికి ఇదే మంచిది అంటుంది. ఆ పుస్తకం తెరిస్తే ఆమె రైటని ఒప్పుకోవాలి. అందుకే తెరవలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండున్నరకి ఏమీ అయ్యేది కాదు. పాత బిళ్ళ, ఎక్కడో సన్నటి పగులు ఉండి ఉంటుంది. నాలుగు ఇస్తే పేలకేం చేస్తుంది?"

బెంజమిన్ ఇంకా పెట్టె వైపే చూస్తున్నాడు. ఆ నల్లమచ్చ పక్కన చట్రం నీడ పడుతోంది. తల వంచి నీడలోకి చూశాడు. అక్కడ ఇంకో మచ్చ ఉంది.

"రెండు తీశారు," అన్నాడు.

సత్యానందం కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఒకటైతే పొరపాటు అనుకుంటారండి. రెండు దొరికితేనే మోసం అంటారు."

"రెండోది ఏ నంబరు గడిలో పెట్టారు?"

"ఎనిమిది."

గోడ గడియారంలో పదకొండూ పద్దెనిమిది. బెంజమిన్ తలుపు వెయ్యకుండానే పరుగెత్తాడు.

మెట్లు దిగుతుంటేనే గ్రేస్ గొంతు వినిపిస్తోంది. తాపీగా, ఫొటోగ్రాఫర్ కోసం అంకెలు పైకి చదువుతోంది. "రెండు... రెండున్నర..." అబ్బాయిరాజు ఎవరికో చెబుతున్నాడు, "దగ్గరికి వంగండమ్మా, నిన్న ఆ అమ్మాయి వంగినట్టు." గ్రేస్ "మూడు" అంది. బెంజమిన్ కేక పెట్టాడు. వరండాలో అతని కేక అతనికే వినిపించింది తప్ప లోపలెవరూ తిరిగి చూడలేదు. "మూడూ పావు" అంది గ్రేస్.

తలుపు పక్కనే ల్యాబ్ మెయిన్ స్విచ్ ఉంది. బెంజమిన్ రెండు చేతులా పట్టుకుని కిందికి గుంజాడు.

ఫ్యాన్లు ఆగాయి. హై వోల్టేజ్ పెట్టె మూలుగు సన్నబడి ఆగిపోయింది. నూనె గిన్నె మీద వంగి ఉన్న గ్రేస్ తలెత్తింది. సత్తిబాబు చేతికి బేడీలతో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎవరు తీశారు కరెంటు?" అబ్బాయిరాజు గుమ్మంలోకి వచ్చాడు. బెంజమిన్‌ని చూసి పళ్ళు బిగించాడు.

"నన్ను తర్వాత అరెస్ట్ చేసుకోండి. ముందు ఆ బిళ్ళ తీయించి తూయించండి. మీ చేత్తోనే."

గ్రేస్ పెట్టె మీట సున్నాకి తిప్పాక అబ్బులు మెయిన్ వేశాడు. ఎనిమిదో నంబరు బిళ్ళ నూనెలోంచి బయటికి వచ్చింది. గ్రేస్ దాన్ని కడిగి అబ్బాయిరాజు అరచేతిలో పెట్టింది. అతను త్రాసు మీద వేశాడు. సున్నా పాయింట్ అయిదు తొమ్మిది. డబ్బాలోంచి తొమ్మిదో నంబరు తీసి వేశాడు. మూడు ఆరు. మళ్ళీ ఎనిమిది వేశాడు. అంకె మారలేదు.

గ్రేస్ ఆ అంకె చూసి, తను ఇందాక ముఖం పెట్టిన చోటు చూసి, స్టూలు మీద కూలబడింది. అబ్బాయిరాజు తాళం తీసి సత్తిబాబు బేడీలు తనే విప్పాడు.

"ఎవరు?" అని అడిగాడు బెంజమిన్ వైపు చూడకుండా.

బెంజమిన్ జవాబు చెప్పేలోగా ముసలయ్య వరండాలోకి వచ్చాడు. గేటు కాపలావాడి సెల్‌ఫోన్ రెండు చేతుల్లోనూ పట్టుకుని ఉన్నాడు. "ఏలూరు నుంచి మా ఆవిడ గంగారత్నం చేసిందండి. అమ్మాయి మాట్లాడిందంట. ఎడం కన్ను కనబడుతోందంట. కుడిది పదిరోజులు పోతేగానీ చెప్పలేమన్నారంట." చెబుతూనే గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు.

అతని వెనకాల మెట్లమీద అడుగుల చప్పుడైంది. సత్యానందం ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. నేలమీద కూర్చున్న ముసలయ్యని దాటుకుని ల్యాబ్‌లోకి నడిచాడు. అబ్బాయిరాజుని గానీ, బెంజమిన్‌ని గానీ చూడలేదు. త్రాసు మీద ఉన్న గోధుమరంగు బిళ్ళనే చూశాడు.

"కొలిచావా అమ్మా?" అని గ్రేస్‌ని అడిగాడు.

"ఏంటి సార్?"

"రీడింగ్. మూడు కిలోవోల్టుల దాకా వెళ్ళిందిగా. ఆమెది నూట ముప్పై. నాది ఎంత వచ్చింది?"

గ్రేస్ స్టూలు మీంచి లేచింది. రీడింగ్ తీసే మీటరు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె పట్టకారుతో బిళ్ళని ఎత్తి, కొలవకుండానే అబ్బులు పట్టుకున్న కాగితం కవర్లో వేసి, కవరు అంచు మడిచేసింది.